సోకు మీది, పెంట మాది

హైదరాబాదు కేబీఆర్ పార్కు బయటి నడక దారిలో పొద్దున్న ఆరింటికి రెండు రకాల మనుషులు కనిపిస్తారు. తలెత్తుకు నడిచేవాళ్లు, తల దించుకు నడిచేవాళ్లు. తలెత్తుకు నడిచేవాళ్ల చేతిలో కుక్క గొలుసు ఉంటుంది. తల దించుకు నడిచేవాళ్లు నిన్న చెప్పులు కడుక్కున్నవాళ్లు.

ఆ గొలుసు పట్టిన పెద్దమనిషిని కాస్త దగ్గరగా చూడాలి. కుక్క ఆగుతుంది. నేల వాసన చూస్తుంది. ఉన్నచోటే రెండు చుట్లు తిరిగి, నడుం వంచి కూర్చుంటుంది. సరిగ్గా అప్పుడే ఆయనకు ఫోనొస్తుంది. అది మోగదు, వణకదు, అయినా వస్తుంది. "ఆఁ, చెప్పండి చెప్పండి" అంటూ రోడ్డవతలి హోర్డింగు వైపు తిరిగిపోతాడు. ఫోను రానివాళ్లకు ఆ క్షణంలోనే ఆకాశంలో ఏదో అరుదైన పక్షి కనిపిస్తుంది. పక్షి కూడా దొరకనివాళ్లు ఆగి ఉన్న కార్ల నంబరు ప్లేట్లు చదువుకుంటారు. గొలుసు చేతిలోనే ఉంటుంది గానీ ఆ అరనిమిషం ఆ కుక్కకూ ఆయనకూ ఏ చుట్టరికమూ ఉండదు. పనయ్యాక కుక్క వెనక్కాళ్లతో నాలుగుసార్లు మట్టి ఎగదన్నుతుంది. అది కప్పెట్టడం కాదు, తన వాసన అక్కడ వదిలి వెళ్లడమని పశువైద్యులు అంటారు. కావచ్చు. అయినా ఆ ఇద్దరిలో కప్పెడుతున్నట్టు కనీసం నటించింది అదొక్కటే.

కుక్కతో నాకు పేచీ లేదు. దానికి మున్సిపల్ చట్టం తెలియదు, చదువు లేదు, గోడ మీద రాసింది చదవలేదు. ఇవన్నీ ఉన్న రెండో జీవితోనే ఈ మాట.

అయ్యా, ముందు మీ ప్రేమ సంగతి. దాన్ని కుక్క అంటే మీరు ఊరుకోరు. "కుక్క అనకండి, బ్రూనో అనండి, మా చిన్నోడు" అంటారు. పుట్టినరోజుకు గుడ్డు, చికెన్ కలిపిన కేకు కోయిస్తారు. పట్టు పరుపు మీద మీ ఇద్దరి మధ్యా పడుకోబెట్టుకుంటారు. ఇన్‌స్టాగ్రామ్‌లో దానికి సొంత ఖాతా, ఆ ఖాతాలో మీ పరిచయం "బ్రూనో వాళ్ల డాడీ" అని. బాగుంది. ఎవరి ముచ్చట వాళ్లది. కానీ డాడీ అన్నాక బిడ్డ ముడ్డి కడగాలి కదా సార్? ముద్దులన్నీ ముఖం వైపు, బాధ్యతేమో ఊరి వైపు అంటే అదేం తండ్రితనం?

మీలో కొంతమంది ధర్మరాజును సాక్ష్యానికి పిలుస్తారు. స్వర్గం వాకిట కూడా కుక్కను వదలనన్న మహానుభావుడు, మేమూ అంతే అని. పోలిక ఒప్పుకుంటాను. మహాప్రస్థానంలో వెనక ద్రౌపది పడిపోయింది, నకుల సహదేవులు పడిపోయారు, అర్జునుడు పడిపోయాడు, భీముడు పడిపోయాడు. ధర్మరాజు వెనక్కి తిరిగి చూడకుండా నడిచాడు. మీరూ అచ్చం అంతే, వెనక ఏది పడినా తిరిగి చూడరు.

ఈ కుక్కల సోకు మన ఊళ్లలో ఇంతగా ముదరడానికి టీవీ చేసిన సాయం కొంత ఉంది. 2003 ప్రాంతంలో హచ్ ఫోను ప్రకటనలో ఓ పగ్ కుక్కపిల్ల చిన్న పిల్లాడి వెంట ఎక్కడికంటే అక్కడికి నడిచింది. దేశమంతా మురిసింది, పగ్ ఉన్న ఇల్లే ఇల్లు అనుకున్నారు. ఆ ప్రకటన మొత్తంలో ఆ పగ్ ఒక్కసారి కూడా దొడ్డికి కూర్చోలేదు. మనవాళ్లు దాన్ని కంపెనీ గ్యారంటీ అనుకుని కొనుక్కున్నట్టున్నారు. పగ్ పాతబడ్డాక హస్కీ వచ్చింది. సైబీరియా మంచులో బండి లాగడానికి తయారైన జాతి, మే నెల హైదరాబాదులో ఏసీ గదిలో నాలుక వేలాడేసుకుని కూర్చుంటుంది. దానికోసం పగలంతా ఏసీ వేసి ఆ కరెంటు బిల్లు కట్టగల మనిషికి పెంట ఎత్తే సంచి మాత్రం బరువైపోయింది. ఆ సంచి ఖరీదు ఇరానీ చాయ్‌లో సగం ఉండదు. అదీ దండగనిపిస్తే నిన్నటి పేపర్లో ఒక కాగితం చాలు. ఎడిటోరియల్ పేజీ అయినా నేనేమీ అనుకోను.

మీరు దీన్ని వాకింగ్ అంటారు. గోడ మీదుగా పక్కింట్లోకి చెత్త విసిరే రోజుల నుంచి మనం చాలా ముందుకొచ్చాం. ఇప్పుడు చెత్త నాలుగు కాళ్ల మీద తానే నడిచి వెళుతుంది, మీరు తోడు వెళతారు. ఇంటికొచ్చిన చుట్టాలతో "మావాడు ఎంత బుద్ధిమంతుడో, ఇంట్లో చచ్చినా చెయ్యడు" అని గర్వంగా చెబుతారు. దొంగ కూడా సొంతింట్లో దొంగతనం చెయ్యడు సార్. మీ హాల్లో పరిచిన ఇటాలియన్ మార్బుల్ మీద బొట్టు పడకూడదు, మా పిల్లలు ఆడుకునే ఇసుకలో పడొచ్చు.

అడిగితే జవాబులు సిద్ధంగా ఉంటాయి. అన్నిటికంటే పాత జవాబు, "అది మా కుక్కది కాదు, వీధి కుక్కది." పాపం వీధి కుక్క. దానికి అన్నం పెట్టే దిక్కులేకపోయినా నేరం మోపడానికి మాత్రం అందరూ ఉన్నారు. అది తిన్నది మెస్సు వెనక పారేసిన అన్నం. మీ బ్రూనో తిన్నది ప్యాకెట్టు గుళికలు. రెండిటి ఫలితం చూసి ఏది ఎవరిదో వీధి ఊడ్చే మనిషి చీకట్లో కూడా చెప్పగలదు. మీకు తెలియకపోతే ఆమెను అడగండి.

రెండోది ఎరువు వాదం. ఇది చదువుకున్నవాళ్ల వాదం. "నేలకు మంచిదేనండీ, సహజమైనదే కదా." ఒకాయన ఇంకో అడుగు ముందుకేసి, సంక్రాంతికి మీరు వాకిట్లో పేడతో గొబ్బెమ్మలు చేసి, గుమ్మడి పూలు గుచ్చి, చుట్టూ పాటలు పాడతారు, మా కుక్క దగ్గరికొచ్చేసరికి ముక్కు మూసుకుంటారేం అని నిలదీశాడు. అడిగినందుకు చెప్పాలి. ఆవు గడ్డి తింటుంది. కుక్క మాంసం తింటుంది, మనిషితో పంచుకునే రోగాలు దాని కడుపులో ఎక్కువ. రైతు కూడా పచ్చి పేడను అలాగే చేలో వెయ్యడు, పెంటకుప్పలో నెలల తరబడి మాగనిచ్చి వేస్తాడు. అంత సహజమైన ఎరువైతే మీ బాల్కనీలో కరివేపాకు కుండీ ఉంది కదా, రోజూ దాంట్లో వేసి, ఆ ఆకుతో పప్పు తాలింపు పెట్టుకోండి. నెల తర్వాత భోజనానికి పిలవండి, వచ్చేదీ రానిదీ అప్పుడు ఆలోచిస్తాం.

ఈ ఎరువులో ఏముంటుందో కూడా కాస్త వినండి. కుక్క పేగుల్లో ఉండే టాక్సోకారా అనే ఏలికపాము వేల గుడ్లు పెడుతుంది. అవి పెంటతో బయటికొస్తాయి. పడిన రోజే వాటివల్ల ప్రమాదం ఉండదు, రెండు మూడు వారాలు మట్టిలో ముదిరాక అంటుకుంటాయి. అంటే పెంట ఎండి, వానకు కొట్టుకుపోయి, "చూశారా, అదే పోయింది" అని మీరు అన్నాక అసలు కథ మొదలవుతుంది. గుడ్లు మట్టిలో నెలలు, ఒక్కోసారి ఏళ్లు బతికే ఉంటాయి. అక్కడ ఆడిన పిల్ల అదే చేతిని నోట్లో పెట్టుకుంటుంది. లోపలికెళ్లిన గుడ్డు పగిలి పిల్ల పురుగు కాలేయానికో ఊపిరితిత్తులకో పాకుతుంది, కర్మ కాలితే కంట్లోకి చేరి చూపు దెబ్బతీస్తుంది. కొంకిపురుగుది ఇంకో దారి. దాని పిల్లలు తడి ఇసుకలో ఉండి ఒట్టి కాళ్లతో నడిచేవాళ్ల చర్మంలోకి దూరి, లోపల వంకర టింకరగా పాకుతూ దురద పెట్టిస్తాయి. విశాఖ ఆర్కే బీచ్‌లో పొద్దున్నే చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవాళ్లు ఈ వాక్యాన్ని రెండోసారి చదువుకోవచ్చు. పార్వో వైరస్ సంగతి మీ సొంత లాభం కోసం చెబుతున్నాను. జబ్బు కుక్క పెంటలో ఉండే ఆ వైరస్ కూడా మట్టిలో నెలలు బతుకుతుంది, టీకా పడని కుక్కపిల్ల దాన్ని వాసన చూసి ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది. "మావాడికి నట్టల మందు వేయించాం" అంటారా? సంతోషం. ఆ సర్టిఫికెట్టు జిరాక్సు తీయించి ప్రతిరోజూ పెంట పక్కనే పెట్టి వెళ్లండి.

ఇక మూడో జవాబు. అసలు జవాబు ఇదే, మిగతావన్నీ దీనికి తొడుగులు. "ఊడ్చేవాళ్లు ఉన్నారు కదా. పన్ను కడుతున్నాం కదా."

ఊడ్చేవాళ్లు ఉన్నారు. మీరు దుప్పటి ముసుగులో ఉన్నప్పుడే ఆమె రోడ్డు మీదికొచ్చింది. చేతిలో పొడుగాటి వెదురుకు కట్టిన చీపురు. ఎండుటాకులు, కాగితాలు, సిగరెట్ పీకలు ఆ చీపురు మాట వింటాయి. మీ బ్రూనో ప్రసాదం వినదు. ఊడిస్తే సిమెంటు పలకల మీద బారెడు పూత అవుతుంది, ఈనెలకు అంటుకుని ఆ తర్వాత ఊడ్చిన ప్రతి గజానికీ అంటుతుంది. అందుకని ఆమె ముందు చెట్టు మొదట్లోంచి గుప్పెడు మట్టి తెచ్చి దాని మీద చల్లుతుంది. తడి పీల్చేదాకా ఆ పక్క ఊడుస్తుంది. మళ్లీ వచ్చి, కూర్చుని, రెండు అట్టముక్కలతో అటూ ఇటూ నొక్కి ఎత్తి బండిలో వేస్తుంది. చేతులు కడుక్కుందామంటే దగ్గర్లో కుళాయి లేదు. ఇలా ఒకటి కాదు, ఆ వీధి చివరిదాకా. ఎప్పుడైనా నోరు తెరిచి "సారూ, ఓ కాయితమన్న పట్టుకొస్తె అయిపాయె గద" అంటే, "దానికేగా నీకు జీతమిచ్చేది" అని వస్తుంది జవాబు. కాదు సార్. ఆమెకు జీతం రోడ్డు ఊడ్చినందుకు. బ్రూనో ముడ్డి కింద పళ్లెం పట్టినందుకు కాదు.

మనిషి మలాన్ని మనిషి చేత్తో ఎత్తించడం నేరమని పార్లమెంటు 1993లో ఒకసారి, సరిపోలేదని 2013లో ఇంకోసారి చట్టం చేసింది. ఆ చట్టాల్లో కుక్క ప్రస్తావన లేదు. వందల ఏళ్ల అలవాటుకు అదొక్కటే సందు మిగిలింది, మీరు గొలుసు పట్టుకుని ఆ సందులోంచి రోజూ నడుస్తున్నారు. ఆ కూర్చుని ఎత్తే మనిషి ఏ పేటనుంచి వస్తుందో, ఏ కులంలో పుట్టిందో మీరూ అడగరు, నేనూ చెప్పక్కర్లేదు, ఇద్దరికీ తెలుసు. మీ నడుముకు వంగడం రాక కాదు. పొద్దున్నే అదే పార్కు పక్కన రామ్‌దేవ్ బాబా కంటే బాగా పాదహస్తాసనం వేస్తారు. వంగి ఎత్తే పని మాత్రం ఎవరిదో మీ లోపల ఎప్పుడో రాసిపెట్టి ఉంది.

నమ్మకపోతే సంచీ పట్టుకుని వచ్చేవాళ్లను చూడండి. ఉన్నారు అలాంటివాళ్లు, తక్కువే గానీ ఉన్నారు. ఒకావిడ ముసలి లాబ్రడార్‌ను తీసుకుని వస్తుంది, చంకలో మడతపెట్టిన పాత పేపరు ఉంటుంది. కుక్క కూర్చునే వేళకు కాగితం కిందికి జరుపుతుంది, పొట్లం కట్టి ఇంటికి పట్టుకెళ్లి మరుగుదొడ్డిలో పారేస్తుంది. అరనిమిషం పని. ఆ అరనిమిషం దారినపోయేవాళ్ల ముఖాలు చూడాలి. కొందరు నవ్వుకుంటారు, కొందరు అయ్యో పాపం అన్నట్టు చూస్తారు. గొలుసు పట్టుకున్న తోటి యజమాని అయితే "పనమ్మాయి రాలేదాండీ?" అని పరామర్శిస్తాడు. వదిలేసి పోయినవాడికి లేని సిగ్గు ఎత్తుకున్న మనిషికి అంటగట్టే ఊరు మనది. సగం సిగ్గున్న జాతి ఇంకొకటి ఉంది, దాన్ని మరిచిపోకూడదు. వీళ్లు శ్రద్ధగా ప్లాస్టిక్ సంచిలో ఎత్తుతారు, ముడి వేస్తారు, ఆ ముడిని కంచెకు తగిలించి వెళ్లిపోతారు. ఎండకు కరగాల్సిన దానికి కవరు తొడిగి కలకాలం ఉండేలా భద్రం చేస్తారన్నమాట.

ఇంకా పైమెట్టువాళ్లు అసలు రోడ్డు మీదికే రారు. జీతమిచ్చి కుర్రాణ్ని పెట్టుకుంటారు. వాడు మూడు ఇళ్ల కుక్కల్ని మూడు గొలుసులతో లాక్కుంటూ వస్తాడు. "బాబూ, అది ఎత్తవా?" అంటే "సార్ చెప్పలేదండీ" అంటాడు. నిజమే, సార్ అన్నీ చెప్పాడు. బ్రూనోకు ఎండ తగలకూడదని, వేరే కుక్కలు దగ్గరికి రాకూడదని, నీళ్ల సీసా మర్చిపోవద్దని.

చట్టం ఏం చేస్తోంది అంటారా? కుక్కను పెంచాలంటే లైసెన్సు తీసుకోవాలని మన మున్సిపల్ నిబంధనలు చెబుతాయి. ఎంతమంది తీసుకున్నారో మీ వీధిలో చెయ్యెత్తమని అడిగి చూడండి. జరిమానాలూ కొత్త కాదు. ముంబైలో 2006 నాటి పారిశుద్ధ్య ఉపవిధుల్లోనే పెంపుడు జంతువు రోడ్డు పాడుచేస్తే 500 రూపాయలు కట్టాలని ఉంది. నోయిడా 2022లో తెచ్చిన విధానంలో శుభ్రం చేసే పూచీ యజమానిదేనని రాసుకుంది. మన జీహెచ్ఎంసీ చెత్త పోసే చోటును బాగుచేసి 2018లో కొండాపూర్‌లో ప్రత్యేకంగా కుక్కల పార్కే కట్టించింది. కుక్కకు పార్కు దొరికింది, మీకు బుద్ధి దొరికే చోటు ఇంకా టెండరు దశలో ఉంది.

అపార్టుమెంట్లలో అయితే యుద్ధమంతా వాట్సాప్ గ్రూపులోనే. పొద్దున్న ఏడుకు సెల్లారు ర్యాంపు మీద ఫోటో పడుతుంది, కింద "ఎవరిదిది?" అని. ఆ ప్రశ్నకు అరవై ఫ్లాట్లలో ఒక్కరి దగ్గరా జవాబు ఉండదు. మధ్యాహ్నానికి ఒకరు సీసీ కెమెరా అంటారు. సాయంత్రానికి ఒకరు "ముందు మీ పిల్లలు లిఫ్టులో గీసిన గీతల సంగతి చూడండి" అంటారు. రాత్రి పదకొండున్నరకు, అంతవరకూ నోరు మెదపని ఫ్లాటు నుంచి ఒక పీడీఎఫ్ దిగుతుంది. జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు. అందులో అసోసియేషన్లు పెంపుడు కుక్కల్ని నిషేధించకూడదు, లిఫ్టు ఎక్కనివ్వమనకూడదు అని ఉంది. న్యాయమే. చట్టం లేనిచోట పెంట ఎత్తనందుకు అసోసియేషన్ సొంతంగా జరిమానా వెయ్యకూడదు అనీ ఉంది, ఎత్తమని అభ్యర్థించవచ్చట. ఆ పీడీఎఫ్‌లో మావాళ్లకు ఈ ఒక్క వాక్యమే పసుపు రంగులో కనిపిస్తుంది. అదే బోర్డు, అదే కాగితంలో, యజమానులు శుభ్రం చేసుకోవాలని చెప్పిన ముక్క దగ్గర మాత్రం నెట్‌వర్క్ పోతుంది. మర్నాటి నుంచి సెక్రటరీగారు లిఫ్టు పక్కన బోర్డు పెట్టిస్తారు, "దయచేసి" అని. బ్రూనో ఆ బోర్డు కాలి మీదే కాలెత్తుతుంది.

మన జాతికే చేతకాదేమో అని జాలిపడేవాళ్లకు ఒక శుభవార్త. చేతనవుతుంది. కాకపోతే వీసా కావాలి. న్యూయార్కులో 1978 ఆగస్టు 1 నుంచి కుక్క పెంట యజమానే ఎత్తాలని చట్టం అమల్లోకొచ్చింది. ఇప్పుడు ఫ్రిస్కోలోనో ఎడిసన్‌లోనో మన పిల్లలుండే కాలనీల్లో మూలమూలకూ సంచుల డబ్బా ఉంటుంది. కొన్ని అపార్టుమెంట్లు మరీ ముదిరి, ఇంట్లో దిగేటప్పుడే కుక్క బుగ్గలోంచి డీఎన్‌ఏ తీసుకుంటాయి. పెంట దొరికితే పరీక్షకు పంపుతారు, ఇంటి నంబరుతో సహా తేలుతుంది. అక్కడికి ఆరునెల్ల కోసం వెళ్లిన నాన్నగారిని చూడాలి. ఇక్కడ తాసిల్దారుగా రిటైరైన మనిషి, కాఫీ గ్లాసు కూడా తాగినచోటే వదిలేసిన మనిషి, అక్కడ చలికోటు వేసుకుని, కొడుకు కుక్క వెనకాలే వంగి, ఆకుపచ్చ సంచి చేతికి తొడుక్కుని, ఎత్తి, ముడేసి, డబ్బా కనిపించేదాకా బుద్ధిగా మోసుకెళతాడు. పక్కింటి తెల్లాయన "గుడ్ మార్నింగ్" అంటే ఆ సంచి చేత్తోనే ఊపుతాడు. అదే నాన్నగారు శంషాబాద్‌లో దిగి బయటికొచ్చేలోపు నడుము పట్టేస్తుంది. నడుము నొప్పికి మందేమిటో దీన్నిబట్టి తేలిపోయింది: డాలర్లలో జరిమానా.

అంత సాంకేతికం మనకెందుకు, ఖర్చు కూడా. స్పెయిన్‌లో మాడ్రిడ్ దగ్గర బ్రునేటె అని చిన్న ఊరు. 2013లో ఆ ఊరి మున్సిపాలిటీ కొంతమంది వాలంటీర్లను వీధుల్లో నిలబెట్టింది. ఎవరైనా పెంట వదిలేసి వెళుతుంటే వీళ్లు పలకరిస్తారు, "ఎంత ముద్దుగా ఉందండీ, పేరేమిటి? ఏ జాతి?" అని. కుక్కను పొగిడితే పొంగని యజమాని భూమ్మీద లేడు, పేరు చెప్పేస్తాడు. పేరూ జాతీ మున్సిపాలిటీ రిజిస్టర్లో చూస్తే చిరునామా దొరికింది. వదిలేసినదాన్ని పెట్టెలో పెట్టి, ఊరి ముద్ర వేసి, "పోగొట్టుకున్న వస్తువు" అని రాసి ఇంటికి పంపారు. వందకు పైగా పెట్టెలు వెళ్లాయి. వీధులు బాగుపడ్డాయి.

ఈ పథకానికి మనకంటే అనువైన దేశం లేదు. పది నిమిషాల్లో కొత్తిమీర కట్ట తెచ్చి ఇచ్చే కుర్రాళ్లు ప్రతి గల్లీలో బండి స్టార్టు చేసి ఉన్నారు. కుక్క పేరు, ఫోటో, పుట్టినరోజు, ఇంటి లొకేషన్‌తో సహా మీరే ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టి ఉంచారు. ప్యాకింగ్ బాధ్యత కాలనీది, డెలివరీ ఛార్జీలు చందాలు వేసుకుంటాం. బ్రూనో డాడీగారూ, మీ ఆర్డరు బయల్దేరింది. ఓపెన్ బాక్స్ డెలివరీ, తలుపు దగ్గరే తెరిచి, మీదేనా కాదా చూసుకుని ఓటీపీ చెప్పండి. రిటర్ను తీసుకోబడదు.